పియానో చెక్కకు బేకరీ చెవి

తలుపు తీయగానే అతని ముక్కుకు అంగుళం దూరంలో ఒక బన్ను ఉంది.

బన్ను వెనక ఒక చెయ్యి. ఆ చేతికి మోచేతి దాకా పిండి. ఆ పైన మండిపోతున్న రెండు కళ్ళు.

"తినండి," అంది ఆ అమ్మాయి.

"ఎందుకు?"

"ముందు తినండి. తర్వాత చెప్తాను."

కింద బేకరీ వాళ్ళమ్మాయని ఏప్రన్ చూస్తేనే తెలుస్తోంది. అతను, వాళ్ళమ్మ ఈ ఇంటి పైవాటాలోకి వచ్చి నాలుగు నెలలైంది. ఇన్నాళ్ళూ ఆమెను గాజు అద్దాల వెనక, తల వంచుకుని బ్రెడ్ కోస్తుండగా చూడటమే. తల ఎత్తితే ఇంత భయంగా ఉంటుందని అతను అనుకోలేదు. నోరు తెరిచి ఒక ముక్క కొరికాడు.

పళ్ళ కింద ఏదో కరకరలాడింది.

"ఎలా ఉంది?"

"బాగానే ఉందండీ. కొంచెం... చెక్క వాసన."

"కొంచెమా! నలభై ఎనిమిది బన్నులు వెనక వరండాలో చల్లారబెట్టాను. ఇటు తిరిగి అటు చూసేలోగా పైనుంచి పౌడర్ కురిసింది. ఎక్కడిదా అని చూస్తే మీ కిటికీ!"

బుకాయించడానికి లేదు. అతని జుట్టు, కనుబొమలు, చొక్కా అన్నీ ఆ పొడితోనే తెల్లబడి ఉన్నాయి.

"నేను పళ్ళు చేస్తానండీ," అన్నాడు కంగారులో.

"ఏం చేస్తారు?"

"పళ్ళు. కట్టుడు పళ్ళు. డెంటల్ ల్యాబ్‌లో పని నాది."

ఆమె చేతిలోని బన్నును, అతన్ని మార్చి మార్చి చూసింది. "అంటే ఇది... పళ్ళ పొడా?"

"కాదు కాదు! ఒట్టు, ఇది చెక్క పొడే! గిటార్ చేస్తున్నాను."

"గిటార్ చెయ్యడం వచ్చా?"

"రాదు."

"పోనీ వాయించడం?"

"అదీ రాదు."

ఆమె ఇంకేదో అనబోతుండగా లోపలినుంచి అతని అమ్మ వచ్చింది. ముప్పై ఏళ్ళపాటు ఒకే బడిలో పియానో నేర్పి, రెండేళ్ళ కిందట రిటైరైన మనిషి. వీధిలో అందరికీ టీచరమ్మ. కొడుకు వాలకం, పిల్ల చేతిలోని బన్ను చూసి ఆవిడకు సంగతి మొత్తం అర్థమైపోయింది.

"లోపలికి రామ్మా. వీణ్ణి తిట్టడానికి గుమ్మంలో నిలబడటం ఎందుకు? కూర్చుని తిడుదువుగాని."

ఆమె నిజంగానే కూర్చుని తిడదామని లోపలికొచ్చింది. ముందుగది మధ్యలో, బల్ల మీద ఒక లేత పసుపు రంగు పలక ఉంది. దాని మీద సన్నటి నిలువు గీతలు, ఎవరో దువ్వెనతో దువ్వినట్టు. ఆమె తిట్టబోతూనే అలవాటు కొద్దీ ఆ పలకను వేలి కణుపుతో టకటకా తట్టింది.

గది పలికింది.

ఆమె చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఇంకోసారి, ఈసారి మెల్లగా, తట్టింది. పలక గుండ్రటి గొంతుతో జవాబు చెప్పింది. ఆ చప్పుడు వెంటనే పోలేదు, గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి చూసిన చుట్టంలా కాసేపు ఉండి పోయింది.

"ఇదేంటండీ ఇది?" అంది ఆమె. గొంతులో కోపం ఎటుపోయిందో ఆమెకే తెలియలేదు.

"మా బడి పియానో గుండె," అంది టీచరమ్మ. "తీగలు మోగుతాయి గానీ, ఆ మోతను గదంతా నింపేది వెనకున్న ఈ చెక్కే. పాత పియానో వద్దనుకుని బడివాళ్ళు విప్పేస్తుంటే దీన్ని మాత్రం అడిగి తెచ్చుకున్నాను. రెండేళ్ళుగా మంచం వెనక పెట్టుకున్నాను. ఇప్పుడు వీడు గిటార్ చేస్తానన్నాడు."

ఆవిడ చెప్పనిది ఒకటుంది. రిటైరైన దగ్గర్నుంచి ఆవిడ ఇంట్లో రేడియో కూడా పెట్టనివ్వలేదు. పని చేసుకుంటూ కూనిరాగం తీసే అమ్మ అది ఎప్పుడు మానేసిందో అతనికి గుర్తు లేదు, మానేసిందని మాత్రం తెలుసు. పియానో తిరిగి చెయ్యడం అతని వల్ల కాదు. ఎవరో చేస్తుండగా చూసి, గిటార్ అయితే ఇంట్లో చెయ్యొచ్చనుకున్నాడు. పగుళ్ళు పడ్డ ముక్కలు తీసేశాక, గిటార్ ముందు పలకకు సరిపోయే మంచి చెక్క సరిగ్గా ఒక్కటే మిగిలింది. ఎక్కడో చలికొండల్లో పెరిగే చెట్టది. పాడైతే ఇంకోటి దొరకదు.

ఆమె పలక మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడింది. తర్వాత చెయ్యి తీసి, "మా బన్నులు చల్లారడానికి గంట పడుతుంది. మూడు నుంచి నాలుగు దాకా మీ కిటికీ మూసెయ్యాలి," అంది.

"మూసేస్తాను."

"నేనొచ్చి చూస్తాను."

"చూడండి."

ఆ తర్వాతి ఆదివారం మూడు గంటలకు ఆమె చూడ్డానికి వచ్చింది. కిటికీ మూసి ఉంది. అది కింద వరండాలో నిలబడి చూసినా తెలుస్తుంది. ఆ మాట అతను అనలేదు, ఆమె గుర్తు చేయలేదు.

*

మూడో ఆదివారం ఆమె వచ్చేసరికి గదిలో కాలిన వాసన, నేల మీద విరిగిన చెక్క బద్దలు, బల్ల దగ్గర తల పట్టుకున్న అతను.

గిటార్ నడుము వంపు కోసం పక్క బద్దలను వంచాలి. గ్యాస్ మంట మీద వేడెక్కిన ఇనప గొట్టానికి, తడిపిన బద్దను అదిమి వంచాలి. రెండు బద్దలు విరిగాయి. మూడోది మాడింది.

"మీరు దానితో కుస్తీ పడుతున్నారు," అంది ఆమె.

"వంగకపోతే ఏం చెయ్యను?"

"అడగండి."

"చెక్కనా?"

"పిండినైనా అంతే. పొంగకముందే లాగితే తెగుతుంది. ఇలా ఇవ్వండి."

వేడి అలవాటైన చేతులు ఆమెవి. రోజూ ఓవెన్ ముందు నిలబడే మనిషి. బద్దను గొట్టం మీద ఆనించి, ముందుకీ వెనక్కీ జరుపుతూ ఊరుకుంది. ఆవిరి లేచింది. నిమిషం గడిచింది. అతను ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు.

"ఏమీ జరగట్లేదు," అన్నాడు.

"ష్. వస్తోంది."

"ఏం వస్తోంది?"

"మీ చెయ్యి ఇలా పెట్టండి. నా చెయ్యి మీద కాదండీ, చెక్క మీద!"

అతను చెవులు ఎర్రబడగా చెయ్యి సవరించుకున్నాడు. సరిగ్గా అప్పుడు ఆ గట్టి బద్ద వాళ్ళ వేళ్ళ కింద మెత్తబడింది. పంతం పట్టి కూర్చున్న మనిషి ఉన్నట్టుండి సరేనన్నట్టు ఒదిగి, గొట్టం చుట్టూ తనంతట తానే వంగింది. ఎవరూ నొక్కలేదు. చెట్టుగా ఉన్నప్పుడు గాలికి ఎలా వంగేదో అది గుర్తొచ్చినట్టుంది దానికి.

 ఇద్దరూ ఆవిరిలో తడిసిన మొహాలతో ఒకరినొకరు చూసుకున్నారు.

"అమ్మో," అంది ఆమె చివరికి. "పిండి కూడా ఇంత మాట వినదు."

ఆ మధ్యాహ్నం రెండు బద్దలూ వంగాయి. పని చేస్తూ అతను తన ఉద్యోగం సంగతులు చెప్పాడు. మైనంతో పన్ను మలచడం, వెంట్రుక మందాన్ని కూడా గేజ్‌తో కొలవడం.

"ఆరేళ్ళలో నేను చేసిన పన్ను ఒక్కటి కూడా విరిగి వెనక్కి రాలేదు," అన్నాడు గర్వంగా.

"పొగడ్త నాకెందుకు? నా పళ్ళు నాకున్నాయి," అని ఆమె నవ్వింది. ఉన్నాయని అతను అప్పుడే గమనించాడు. పై వరసలో ఒకటి రవ్వంత పక్కకి ఒరిగి ఉంది. ఎవరైనా ల్యాబ్‌కు పంపితే తాను దాన్ని సరిచేసి ఉండేవాడు, అది పెద్ద పాపమై ఉండేది అనుకున్నాడు.

*

గొడవ ఆరో ఆదివారం వచ్చింది.

అప్పటికి పక్కలు కుదిరాయి, వెనక పలక అతికింది, మెడ తయారైంది. పియానో చెక్కను గిటార్ ఆకారంలో కోసి, లోపలివైపు సన్నటి ఊతబద్దలు అతికించాడు. ఇక దాన్ని పెట్టె మీద మూత వేసినట్టు అతికించడమే మిగిలింది. జిగురు కలిపి ఉంచాడు.

ఆమె పలకను అంచుల దగ్గర రెండు వేళ్ళతో పట్టుకుని, చెవి దగ్గర పెట్టుకుని తట్టింది. మొహం చిట్లించింది.

"ఇది ఇంకా ఉడకలేదు."

"ఏంటి?"

"లోపల పచ్చిగా ఉంది. మొదటిరోజు ఎలా పలికిందో గుర్తుందా? ఇప్పుడు నోట్లో ఏదో పెట్టుకుని మాట్లాడుతున్నట్టుంది."

"మందం నాలుగు మిల్లీమీటర్లకు దింపాను. ఊతబద్దలు కూడా వేశాను. ఇంతకన్నా గీస్తే విరుగుతుంది."

"అందరూ ఎంత ఉంచుతారు?"

అతను నీళ్ళు నమిలాడు. "రెండున్నర, మూడు... వాళ్ళ దగ్గర చెక్కలు బోలెడుంటాయి."

"ఇంకొంచెం గీసి చూడండి."

"బ్రెడ్డు కాదు కదండీ ఇది, తట్టి చెప్పడానికి!"

మాట జారాక నాలుక కరుచుకున్నాడు. ఆమె పలకను జాగ్రత్తగా, చాలా జాగ్రత్తగా, బల్ల మీద పెట్టింది.

"నిజమే. బ్రెడ్డయితే చెడిపోయినా రేపు ఇంకోటి చేసుకుంటాం. మీకు ఆ ధైర్యం లేదు. అందుకే విరగకుండా ఉంటే చాలనుకుంటున్నారు. బీరువా కూడా విరగదండీ. అది పాడుతుందా?"

మెట్లు దిగే చప్పుడు వినబడింది. అతను పంతంగా జిగురు రాసి, పలకను అతికించి, క్లాంపులు బిగించాడు. ఇరవై రెండు క్లాంపులు. ఒక్కొక్కటి బిగిస్తున్నప్పుడల్లా మనసులో ఆమెకు ఒక్కో సమాధానం చెప్పాడు. అన్నీ బ్రహ్మాండమైన సమాధానాలే. వినడానికే ఎవరూ లేరు.

రెండు వారాల తర్వాత తీగలు బిగించాడు. ఆ రెండు ఆదివారాలూ మూడు గంటలకు కిటికీ మూశాడు. ఎవరూ చూడ్డానికి రాలేదు.

శ్రుతి చేసింది టీచరమ్మే. ఏ తీగ ఏ స్వరమో అతను కాగితం చూసి చెబితే, ఆవిడ చెవితో సరిచేసింది. గిటార్ చూడ్డానికి ముచ్చటగా ఉంది. ఎక్కడా సందు లేదు, ఎక్కడా గీత లేదు. పన్నులా నున్నగా మెరుస్తోంది. ఆవిడ మొదటి తీగను మీటింది.

ఠప్.

ఇంకో తీగ మీటింది. అట్టపెట్టె మీద రబ్బరు బ్యాండు లాగి వదిలినట్టు చప్పుడొచ్చి, వచ్చిన చోటే చచ్చిపోయింది.

టీచరమ్మ తల ఎత్తి నవ్వింది. "బాగుంది నాన్నా," అంది.

ఆ 'బాగుంది' అతనికి తెలుసు. చిన్నప్పుడు అమ్మ క్లాసులో ఓ మూల కూర్చుని ఎన్నోసార్లు విన్నాడు. స్వరం పట్టే చెవి లేని పిల్లల తల్లిదండ్రులు ఆశగా ఎదురుచూస్తుంటే వాళ్ళతో అమ్మ అనే మాట అది. ఆవిడ గిటార్‌ను మంచం మీద పడుకోబెట్టి, దాని మీద ఒకసారి చెయ్యి వేసి, వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ చెయ్యి వేయడం చూశాక అతను ఇక ఆ గదిలో నిలబడలేకపోయాడు.

*

బేకరీలో రెండో వాయి బయటికొస్తోంది. గిటార్‌ను చంకలో పెట్టుకుని వెనక గుమ్మంలో నిలబడ్డ అతన్ని ముందు ఆమె నాన్న చూశాడు. పెద్ద పొట్ట, పెద్ద గొంతు ఉన్న మనిషి.

"ఓహో, పళ్ళబ్బాయా! రా రా. నా పై పన్ను ఒకటి మీ ల్యాబ్‌దేనట. రాయిలా ఉందయ్యా."

"విరగలేదు కదండీ?"

"విరగడమా! నేను పోయాక కూడా అది ఉంటుంది. ఒకటే చిక్కు, ఆ వైపు నమిలితే ఏం తింటున్నానో తెలియదు."

అతను ఆ మాటకు నవ్వలేకపోయాడు. ఓవెన్ దగ్గర ఆమె వెనక్కి తిరగకుండా ట్రేలు లాగుతోంది.

"క్షమించండి," అన్నాడు ఆ వీపుతో. "మీరు చెప్పిందే నిజమైంది. ఉడకలేదు."

ఇంకో ట్రే గట్టిగా చప్పుడు చేసింది.

"అమ్మ బాగుందంది."

అప్పుడు ఆమె ఇటు తిరిగింది. అతని మొహం చూసింది. ఏప్రన్‌కు చేతులు తుడుచుకుని మూడు బ్రెడ్లను అచ్చుల్లోంచి తీసి, బల్ల మీద బోర్లించింది.

"ఇందులో ఒకటి లోపల ఇంకా పచ్చిగా ఉంది. ఏదో చెప్పండి."

"కోసి చూస్తే..."

"కోస్తే ఎవరైనా చెప్తారు. తట్టండి."

తట్టాడు. మూడూ ఒకేలా వినబడ్డాయి. "మధ్యది."

"కాదు. చెవితో కాదండీ, వేలి కణుపుతో వినండి. కళ్ళు మూసుకోండి. తట్టాక చెయ్యి తీసెయ్యకండి, అక్కడే ఉంచండి."

కళ్ళు మూసుకున్నాడు. మొదటిది తట్టాడు. వెచ్చటి పైపెంకు, దాని వెనక ఖాళీగా ఉన్న గది. రెండోది, అదే. మూడోది తట్టేసరికి వేలికి గది తగల్లేదు. తడిసిన గోడ తగిలింది. చప్పుడు లోపలికి వెళ్ళబోయి ఏదో మెత్తటిదానిలో కూరుకుపోయింది.

"ఇది!" అని అరిచాడు, కళ్ళు తెరుస్తూ. "ఇదే! ఇది వెళ్ళట్లేదు!"

ఆమె ఆ బ్రెడ్‌ను కోసింది. మధ్యలో రూపాయి బిళ్ళంత మేర ముద్దగా, తడిగా ఉంది. అతను ఆ తడి మచ్చను నోరు వెళ్ళబెట్టి చూశాడు. ఇన్నాళ్ళూ రోజూ ఉదయం ఇంటికి తీసుకెళ్ళిన ప్రతి బ్రెడ్‌ లోపలికీ ఈ అమ్మాయి ఇలా వెళ్ళి చూసొచ్చిందా అనుకున్నాడు.

"అమ్మలూ," అన్నాడు నాన్న అటువైపు నుంచి, "మీరిలా ఒక్కొక్కటే తడుతూ, కోస్తూ పోతే కొనేవాళ్ళకి ఏం మిగుల్తుందమ్మా?"

ఆమె వినిపించుకోలేదు. గిటార్ అందుకుని తట్టింది. "తడిగోడే," అంది మెల్లగా. "గీయండి. బయటినుంచి."

"ఒక చిక్కుంది. పెట్టె మూసేశాను. ఇక గేజ్ లోపలికి పోదు. ఎంత గీశానో, ఎంత మిగిలిందో కొలవడానికి లేదు." ఆమె చేతిలోని గిటార్ వైపు చూపించాడు. "మీరు వినండి. మీరు ఆపమంటే ఆపుతాను."

"కుదరదు. చెక్క మీది, అమ్మ మీ అమ్మ. మీరే వినాలి. నేను పక్కన ఉంటాను."

*

మరుసటి ఆదివారం దాకా అతను తలుపులు తట్టాడు, గోడలు తట్టాడు, ల్యాబ్‌లో బల్లలు తట్టాడు. ఏం పోగొట్టుకున్నావని తోటివాళ్ళు అడిగారు. పోగొట్టుకోలేదు, అంతా కొత్తగా దొరుకుతోందని ఎలా చెప్పాలో అతనికి తెలియలేదు. ప్రతి వస్తువుకూ లోపల ఒక గది ఉంది. ఇరవై ఏడేళ్ళు ఆ గదుల పక్కనే నడుస్తూ ఒక్కదాన్ని కూడా పలకరించలేదు.

ఆదివారం తీగలన్నీ విప్పి గిటార్‌ను దుప్పటి మీద పడుకోబెట్టాడు. పలచటి స్టీలు రేకును రెండు చేతులతో పట్టుకుని, కింది సగంలో అంచు వెంబడి గీకాడు. తాను రోజుల తరబడి నున్నగా చేసిన మెరుపు మొదటి గీతకే పోయింది. ప్రాణం చివుక్కుమంది. ఆమె ఎదురుగా నేల మీద మఠం వేసుకుని కూర్చుంది.

నాలుగు గీతలు. తట్టడం. వినడం. మళ్ళీ నాలుగు గీతలు.

రేకు కింద నుంచి వెంట్రుకల్లాంటి చుట్టలు లేస్తున్నాయి. టీచరమ్మ వంటింటి గుమ్మం దాకా వచ్చి, చూసి, వెనక్కి వెళ్ళింది. వద్దనలేక కాదు. ఉన్న ఒక్కదాన్నీ పోగొట్టుకునే పనిలో కొడుకున్నాడని ఆవిడకు తెలుసు. తాను చూస్తూ ఉంటే వాడి చెయ్యి తప్పుతుందని కూడా తెలుసు.

అరగంటకు చప్పుడు మారడం మొదలైంది. ముందు తడిగోడ. తర్వాత పొడిగోడ. తర్వాత గోడ అవతల ఎవరో ఉన్నట్టు. అతని నుదుటి మీద చెమట పట్టింది. చిటికెన వేలితో అంచు దగ్గర నొక్కితే పలక ఊపిరి పీల్చినట్టు కదిలింది.

"భయమేస్తోంది," అన్నాడు.

"నాకూ."

"మీకెందుకు?"

"మీరు గీస్తున్నారుగా," అంది ఆమె. ఆ మాటకు అర్థమేమిటని ఆలోచిస్తే చెయ్యి జారుతుందని అతను ఆలోచించలేదు.

ఇంకో నాలుగు గీతలు. తట్టాడు. వేలి కింద ఏదో తెరుచుకుంది.

అతను రేకు పక్కన పెట్టేశాడు.

"ఇంకో రెండు గీతలు పడతాయి," అంది ఆమె, తల వంచి వింటూ. "ఇంకొంచెం ఉంది."

"లేదు. అయిపోయింది."

"నాకు వినబడుతోందండీ. ఇంకా..."

"చెయ్యి ఇటివ్వండి." అడిగినట్టు కాదు, చెప్పినట్టు అన్నాడు. ఆమె చెయ్యి పట్టుకుని గిటార్ వెనకవైపుకు, దుప్పటికీ చెక్కకూ మధ్య జొప్పించాడు. "ఇప్పుడు చూడండి."

ముందు పలక మీద మెత్తగా తట్టాడు.

ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. అతను తట్టింది ముందు. వెనక పలక ఆమె అరచేతిలో, గూట్లో పిట్టలా, ఝుమ్మంది. మధ్యలో ఉన్నదంతా గాలే. ఆ ఉత్త గాలి ఒక పలక చెప్పింది మోసుకెళ్ళి రెండోదానికి చెప్తోంది.

"ఇందాకటిదాకా ఒక్కటే మాట్లాడేది," అన్నాడు. "ఇప్పుడు రెండూ మాట్లాడుకుంటున్నాయి. ఇంకా గీస్తే ముందుది గట్టిగా అరుస్తుంది, వెనకది మానేస్తుంది. ఎలా తెలుసని అడక్కండి."

"అడగను," అంది ఆమె. చెయ్యి తీయలేదు. "ఇంకోసారి తట్టండి."

తట్టాడు. ఇంకోసారి. ఎన్నిసార్లు తట్టాడో, బయట వాన ఎప్పుడు మొదలైందో ఇద్దరికీ తెలియలేదు.

*

తీగలు బిగించేసరికి అయిదయింది. గిటార్ మీద మెరుపు లేదు. గీకిన చోట చెక్క పాలిపోయి, గరుగ్గా ఉంది. పియానోలో ఉన్నప్పటి పాత జిగురు మరక ఒకటి మసగ్గా కనిపిస్తోంది. పోటీకి పెడితే ఆఖరి బహుమతి కూడా రాదు.

"అమ్మా, ఒకసారి వస్తావా?"

టీచరమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మొహం మీద అప్పుడే ఒక నవ్వును సిద్ధం చేసుకుని వచ్చింది. కుర్చీలో కూర్చుని గిటార్‌ను ఒళ్ళోకి తీసుకుని, అన్నిటికన్నా లావు తీగను శ్రుతి చేద్దామని బొటనవేలితో మీటింది.

సిద్ధం చేసుకున్న నవ్వు పోయింది.

ఆ స్వరం గదంతా నిండింది. బల్ల మీది స్టీలు రేకు సన్నగా వణికింది. కిటికీ అద్దం వణికింది. వాన చప్పుడు వెనక్కి జరిగి దారి ఇచ్చినట్టయింది.  స్వరం సన్నబడి, సన్నబడి, ఉందో లేదో తెలియనంతై, అయినా ఉంది.

ఆవిడ రెండో తీగ మీటింది. తర్వాత మూడోది. శ్రుతి చేయడం మరిచిపోయి, ఆ కుదరని స్వరాలనే ఒక్కొక్కటిగా, చివరిదాకా వింటూ మీటింది.

"పియానోలా లేదురా," అంది చివరికి.

అతను ఒక అడుగు ముందుకు వేశాడు. "అంటే..."

"ముప్పై ఏళ్ళు దీని ముందు కూర్చున్నాను. దీనికి ఇలాంటి మాటలు కూడా వచ్చని నాతో ఎప్పుడూ అనలేదు." ఆవిడ గిటార్ అంచుకు చెంప ఆనించింది. "ఇంకా ఏమేం దాచిందో చూడనీ. మీరిద్దరూ కాస్త అవతలికి వెళ్ళండి. నన్నూ దీన్నీ వదిలెయ్యండి."

ఇద్దరూ మెట్ల మీదికి వచ్చారు. లోపల తీగలు ఒక్కొక్కటే శ్రుతికొస్తున్నాయి. ఆ తీగలతో పాటు, వాటి కింద, ఇంకో చప్పుడు వినబడింది. అతను గోడకు చెయ్యి ఆనించాడు. అమ్మ కూనిరాగం తీస్తోంది.

అతని కళ్ళు తడిసిన సంగతి ఆమె చూసింది. చూడనట్టు వాన వైపు తిరిగింది. కాసేపటికి, "సరే మరి, నేను వెళ్తాను," అంది. "పని అయిపోయిందిగా."

ఆమె మూడు మెట్లు దిగింది.

"వచ్చే ఆదివారం," అన్నాడు అతను.

"ఊఁ?"

"ఏమీ లేదు."

"ఏమీ లేదా?"

"అదే చెప్తున్నాను. వచ్చే ఆదివారం ఏమీ లేదు. వంచడానికి బద్దల్లేవు, గీయడానికి చెక్క లేదు, దుమ్ము లేదు. మీరు పైకి రావడానికి ఒక్క కారణం కూడా మిగల్లేదు. పొద్దున్నుంచీ వెతుకుతున్నాను."

"వెతికితే?"

"దొరకలేదు." మెట్ల పిట్టగోడను పట్టుకున్న అతని వేళ్ళు బిగుసుకున్నాయి. "కారణం లేకుండానే రండి. మీరంటే నాకిష్టం. ఇది కొలవడం నాకు రాదు. ఎంతని అడిగితే చెప్పలేను."

వాన గట్టిగా పడింది. ఆమె మెట్టు మీదే వెనక్కి తిరిగింది. బేకరీ వెనక తలుపు తెరుచుకుని, పెద్ద గొంతు మెట్ల పైకి వచ్చింది.

"అమ్మలూ! పైన ఏంటమ్మా మోగుతోంది?"

"గిటార్ నాన్నా!"

"పళ్ళబ్బాయి వాయిస్తున్నాడా?"

"టీచరమ్మగారు!"

"మరి నువ్వక్కడ మెట్ల మీద ఏం చేస్తున్నావ్?"

ఆమె అతని మొహంలోకి చూసింది. పక్కకి ఒరిగిన పన్ను కనబడేలా నవ్వింది. "ఈయనొకటి అడిగారు నాన్నా. జవాబు చెప్పాలి."

కింద కొంచెంసేపు వాన చప్పుడే ఉంది.

"చెప్పావా?"

"నువ్వు లోపలికి వెళ్తే చెప్తాను."

ఏ తలుపునైనా ధడాలున వేయడం తప్ప తెలియని ఆ మనిషి, నిద్రపోతున్న పసిబిడ్డ గది తలుపులా, కిర్రుమనకుండా దాన్ని దగ్గరికి వేశాడు.

ఆమె దిగిన మూడు మెట్లూ ఎక్కి వచ్చింది.

"ఆదివారం దాకా నావల్ల కాదు," అంది. "రేపు వస్తాను."